మాస్కు ముందు, మార్కర్ తర్వాత

పోయిన ఏడాది అక్టోబరులో మావాడు ఒక స్నేహితుడి పుట్టినరోజుకి పెయింట్‌బాల్ ఆడటానికి వెళ్ళి, నెత్తి నుంచి పాదాల దాకా బురదతో, భుజం మీద రూపాయి బిళ్ళంత నీలం మచ్చతో, మొహమంతా నవ్వుతో ఇంటికొచ్చాడు. వాడికి పద్నాలుగేళ్ళు. సియాటిల్ దగ్గరికి వచ్చి రెండేళ్ళవుతున్నా, బడి నుంచి రావడం, గది తలుపేసుకోవడం తప్ప మరో పని పెట్టుకోని పిల్లాడు. ఆ సాయంత్రం కారు దిగిన దగ్గర్నుంచి అన్నం తినేదాకా ఆపకుండా మాట్లాడాడు. అందుకే "నాకూ సొంత సామాను కావాలమ్మా" అన్నప్పుడు వెంటనే వద్దనలేకపోయాను.

అడుసు తొక్కనేల కాలు కడగనేల అని వింటూ పెరిగినదాన్ని నేను. వీడేమో డబ్బు కట్టి మరీ అడుసు తొక్కుతానంటాడు!

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పెయింట్‌బాల్ అంటే రంగు నింపిన గోళీలను గాలి ఒత్తిడితో కొట్టుకునే ఆట. రంగు అంటిందా, ఔటే. కొట్టే సాధనాన్ని వాళ్ళు తుపాకీ అనరు, మార్కర్ అంటారు. మొదట్లో నాకది మాటల గారడీ అనిపించింది కానీ, దాని వెనక కథ నిజమే. అడవిలో కొట్టేయాల్సిన చెట్లకీ, మందలో పశువులకీ దూరం నుంచి రంగు గుర్తు పెట్టడానికి తయారుచేసిన సాధనమది. 1981 జూన్‌లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని హెన్నికర్ అనే ఊరి దగ్గర పన్నెండుమంది వాటిని పట్టుకుని అడవిలో జెండాల ఆట ఆడారు. అదే మొదటి ఆట. అందులో గెలిచినాయన అడవుల పని తెలిసిన మనిషి, ఒక్క గోళీ కూడా కొట్టకుండానే జెండాలన్నీ తెచ్చేసుకున్నాడట. ఈ సంగతి తెలిశాక నా బెంగ సగం తగ్గింది. మావాడికి మాత్రం ఈ కథ పెద్దగా నచ్చలేదు.

సరే, మావారు సంబరపడిపోయి ఒక పెద్ద దుకాణం నుంచి డబ్బా పట్టుకొచ్చారు. మార్కర్, మాస్కు, కార్బన్ డయాక్సైడ్ ట్యాంకు, గోళీలు పోసే తొట్టి, అన్నీ కలిపి నూట పది డాలర్లు. "చూశావా, ఒక్కసారే అన్నీ వచ్చేశాయి" అన్నారు. మొత్తం బడ్జెట్ రెండు వందలు అనుకున్నాం కాబట్టి నేనూ మురిసిపోయాను. పెళ్ళిళ్ళలో గిన్నెల సెట్టు చూసి మురిసిపోతాం చూడండి, అలాగ. సెట్టులో మనకు పనికొచ్చేవి రెండే ఉంటాయని తెలిసి కూడా.

నవంబరులో మొదటి శనివారం. ఇక్కడ అక్టోబరు చివర్లో పట్టిన జల్లు వసంతం దాకా వదలదు. ఆ రోజు నలభై డిగ్రీల ఫారన్‌హీట్, మన లెక్కలో నాలుగైదు. నేను వల అవతల గొడుగేసుకుని నిలబడ్డాను. ఆట మొదలై పది నిమిషాలు కాలేదు, విజిల్ మీద విజిల్, "మాస్క్ డౌన్" అని కేకలు. చూస్తే ఒక చెక్క గోడ వెనకాల మావాడు మాస్కు నుదుటి మీదికి ఎత్తుకుని, కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకుంటున్నాడు. చుట్టూ గోళీలు ఎగురుతున్నాయి.

రెఫరీ వాణ్ణి ఆ రోజుకి బయటికి పంపేశాడు. మంచిపని చేశాడు. కారులో అడిగితే, "అమ్మా, ఏమీ కనిపించలేదు. మొత్తం తెల్లగా అయిపోయింది. ఒక్క సెకనే తీశాను" అన్నాడు. నేను ఏమీ అనలేదు. ఆ రాత్రి నిద్రపట్టక లెక్క చూసుకున్నాను. ఫీల్డులో గోళీ వేగం సెకనుకి 280 అడుగులకు మించకూడదని కొలిచి పంపుతారు. అంటే గంటకి మూడు వందల కిలోమీటర్లు. మూడు గ్రాముల గోళీ ఆ వేగంతో భుజానికి తగిలితే నీలం మచ్చ. కంటికి తగిలితే?

వాడు అల్లరి చేసి తీయలేదు. కనిపించక తీశాడు. డబ్బాతో వచ్చిన మాస్కుకి ఉన్నది ఒంటిపొర అద్దం. చలిలో, వానలో, పరుగెత్తే పిల్లాడి వేడి ఊపిరికి అది మంచు పట్టకుండా ఎలా ఉంటుంది? అందుకే నా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తున్నాను. చలీ వానా ఉన్న చోట మీ పిల్లలు ఈ ఆట అడిగితే, మొదటి డాలరు మాస్కు మీద పెట్టండి. మార్కర్‌ని మొదటి ఏడాది అసలు కొనకండి, అద్దెకు తీసుకోండి.

మావారు దీనికి ఒప్పుకోలేదు. "అద్దెకి కట్టే డబ్బుతో ఆరు నెలల్లో సొంతది వచ్చేస్తుంది కదా" అన్నారు. లెక్క ప్రకారం నిజమే. కానీ పద్నాలుగేళ్ళ పిల్లాడు ఆరు నెలలు ఆడతాడో లేదో ఎవరికి తెలుసు? మా ఇంట్లో అటక మీద ఒక కీబోర్డు, రెండు కరాటే బెల్టులు ఉన్నాయి. అద్దె మార్కర్ వానలో మొరాయిస్తే కౌంటర్లో ఇచ్చి ఇంకోటి తెచ్చుకోవచ్చు. అద్దె మాస్కు సంగతి అలా కాదు. వందమంది పెట్టుకుని, గీతలు పడి, చాలాచోట్ల ఒంటిపొరదే ఉంటుంది. కాబట్టి అద్దెకు తీసుకోకూడనిది అదొక్కటే.

కొనాల్సింది థర్మల్ లెన్స్ ఉన్న మాస్కు. పేరు గొప్పగా ఉంది కానీ సంగతి సులువు. ఇక్కడి ఇళ్ళ కిటికీలకు రెండు అద్దాలు, మధ్యలో గాలి ఉంటాయి కదా, అలాంటిదే. లోపలి పొర చల్లబడదు, ఆవిరి పట్టదు. మాకు అరవై డాలర్లయింది. కళ్ళజోడు పిల్లలైతే జోడుతో సహా దుకాణానికి తీసుకెళ్ళి, పెట్టించి, తల అటూ ఇటూ ఊపించి చూడండి. కొన్ని మాస్కుల్లో జోడు కణతల దగ్గర నొక్కేస్తుంది. నొక్కిందంటే పిల్లాడు మళ్ళీ మాస్కు ఎత్తుతాడు. ఏఎస్‌టీఎం ప్రమాణం గుర్తు ఉందో లేదో చూడండి. ఈత కళ్ళజోళ్ళు, వడ్రంగి పనివి, మంచులో జారేవాళ్ళు పెట్టుకునేవి ఈ దెబ్బకి ఆగవు.

ఇంకో మాట, ఇది నా తప్పే. కొత్త మాస్కు మొదటిసారి బురదతో రాగానే అలవాటు కొద్దీ సింకులో నీళ్ళ కింద పెట్టబోయాను. మావాడు పరుగెత్తుకొచ్చి ఆపాడు. రెండు పొరల మధ్యకి నీళ్ళు వెళితే ఆ అద్దం ఇక పనికిరాదు. తడి చేసిన మెత్తటి గుడ్డతో పైపైన తుడవాలి. పేపర్ టవల్ వద్దు, గీతలు పడతాయి. కిటికీ అద్దాలు తుడిచే అమ్మోనియా మందు అసలే వద్దు.

మాస్కు తర్వాత బట్టలు. నాకు తెలిసిన విద్య ఇదే కాబట్టి కాస్త ఎక్కువ మాట్లాడతాను. జీన్సు, నూలు చొక్కా వేసి పంపిస్తే అరగంటలో తడిసి, ఒంటికి అంటుకుని, పిల్లాడు వణుకుతూ కూర్చుంటాడు. మన నూలుబట్ట ఎండలకి అమృతం, ఇక్కడి వానకి శత్రువు. లోపల పాలిస్టరుదో ఉన్నిదో పల్చటి బట్ట, దాని మీద వదులు చొక్కా, పైన వాన జాకెట్. జాకెట్ కొత్తది అక్కర్లేదు. పాతబట్టలు అమ్మే దుకాణంలో ఎనిమిది డాలర్లకి దొరికింది, ముళ్ళకి చిరిగినా దిగులు లేదు. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు, ఒకటి కాళ్ళకి, ఒకటి సంచిలో. బూట్లకి పాత సాకర్ బూట్లు చాలు, అడుగున ముళ్ళు రబ్బరువైతే, ఇనపవి కాకపోతే. చేతులకి నేను తోటపనికి వాడే తొడుగులు ఇచ్చాను. వేళ్ళ కణుపుల మీద గోళీ తగిలితే ఆ నొప్పి రెండు రోజులు ఉంటుందట.

మెడకి ఏం కట్టాలా అని వెతుకుతుంటే, మా అత్తగారు పోయినసారి వచ్చినప్పుడు వదిలి వెళ్ళిన మంకీ క్యాప్ కనిపించింది. గొంతు, చెవులు, మెడ, మూడూ కప్పేస్తుంది. మొదట ఛీ అన్నాడు. రెండో వారం అడిగి మరీ పట్టుకెళ్ళాడు. ఒకటే షరతు, అది మాస్కు అంచు కిందికి దూరి సందు చేయకూడదు.

ఇక ట్యాంకు. డబ్బాతో వచ్చిన కార్బన్ డయాక్సైడ్ ట్యాంకు చలిలో ఎందుకు మొరాయించిందో మన ఆడవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. చలికాలంలో గ్యాస్ సిలిండర్ మంట నీరసిస్తే అమ్మ దాన్ని వేణ్ణీళ్ళ బేసిన్లో పెట్టడం గుర్తుందా? అదే కథ. లోపల ఉన్నది ద్రవం. అది ఆవిరైతేనే ఒత్తిడి. డెబ్బై డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర చదరపు అంగుళానికి ఎనిమిది వందల పౌన్ల పైన ఉండే ఒత్తిడి నలభై దగ్గర ఐదు వందల యాభైకి పడిపోతుంది. గబగబా కొడితే ఇంకా చల్లబడి మార్కర్ మీద మంచు పేరుకుంటుంది. అలాగని దీన్ని వేణ్ణీళ్ళలో పెట్టేరు, ట్యాంకుని వేడి చేయడం ప్రమాదం. (సిలిండర్‌తో అమ్మ చేసిందీ ప్రమాదమే, మనకి అప్పుడు తెలియదు.)

మందు ఏమిటంటే మామూలు గాలి నింపే ట్యాంకు. అందులో ఉండేది ద్రవం కాదు గనక చలికి అంతగా లొంగదు. చిన్న అల్యూమినియం ట్యాంకు, 48 ఘనపు అంగుళాలది, మూడు వేల పౌన్ల ఒత్తిడి పట్టేది, యాభై అయిదు డాలర్లు. మర అదే కావడంతో పాత మార్కర్‌కే బిగిసింది, కొత్త మార్కర్ కొనే పని తప్పింది. వాడిన ట్యాంకు కొంటే మెడ మీద కొట్టిన తేదీ చూడండి. ఇలాంటి ట్యాంకుకి అయిదేళ్ళకోసారి పరీక్ష చేయించాలి, గడువు దాటితే ఫీల్డులో గాలి నింపరు. చవగ్గా ఎందుకిస్తున్నారో అప్పుడు అర్థమవుతుంది.

బ్యాటరీతో నడిచేది ఏదీ మొదట్లో వద్దనే నా పట్టు. వానకీ బ్యాటరీకీ పడదు, ధర కూడా రెట్టింపు. గోళీలు చేత్తో కదిపితే పడే మామూలు తొట్టి చాలు.

గోళీలు ముందే పెద్ద డబ్బా కొని నిల్వ చేయడం ఇంకో పొరపాటు, అదీ మేం చేశాం. విటమిన్ మాత్రల్లాంటి మెత్తని జెలటిన్ తొడుగు అది. తేమ తగిలితే వానాకాలం అప్పడంలా మెత్తబడి ఉబ్బుతుంది, గొట్టంలో ఇరుక్కుంటుంది. రాత్రంతా కారులో వదిలేస్తే చలికి పెళుసెక్కి లోపలే పగిలిపోతుంది. ఇంట్లో, మూత గట్టిగా ఉన్న సంచిలో, మామూలు వేడిలో ఉంచాలి. తడి చేత్తో తీయకూడదు. ఎలాగూ చాలా ఫీల్డుల్లో బయటి గోళీలు రానివ్వరు, ముందే ఫోన్ చేసి అడగండి. గొట్టం తుడిచే గుడ్డకర్ర మాత్రం సంచిలో ఉండాలి. ఈ జెలటిన్ పశువుల చర్మం, ఎముకల నుంచి వస్తుందని తెలిసి మా అత్తగారు వీడియో కాల్‌లో మొహం చిట్లించారు. తినేది కాదు కదత్తయ్యా అన్నాను. "చేతులు కడుక్కోమను" అన్నారు. రోజూ కడుక్కుంటున్నాడు, సబ్బుతో, అదొక లాభం.

డబ్బు విషయం పక్కనపెట్టి, ఒక్క సంగతిలో మాత్రం నేను ఏ వాదనా వినను. గొట్టం మూతికి తొడిగే గుడ్డ సంచి, బ్యారెల్ కవర్ అంటారు, ఆట స్థలం దాటితే అది ఉండాల్సిందే. మార్కర్ జిప్పు వేసిన సంచిలో, కారు డిక్కీలో. వీధిలో, పెరట్లో, స్నేహితులకి చూపించడానికి గుమ్మం ముందు, ఎక్కడా బయటికి రాకూడదు. దూరం నుంచి చూసేవాళ్ళకి అది నిజం తుపాకీయే. ఈ దేశంలో ఎవరైనా పోలీసులకి ఫోన్ చేస్తే, ఎదురుగా నల్లజుట్టు, గోధుమరంగు పిల్లాడు నిలబడి ఉంటే, "అంకుల్, ఇది మార్కర్" అని చెప్పే వ్యవధి ఉంటుందా? ఇది వాడికి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. మాస్కు గురించి చెప్పినప్పుడు వాదించాడు, ఇది చెప్పినప్పుడు మాత్రం వాదించలేదు. వాడికి ముందే తెలుసని అప్పుడు అర్థమైంది, అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

మొత్తానికి రెండు వందలనుకున్నది రెండు వందల యాభై దాటింది. వాడిన డబ్బా వెనక్కి తీసుకోమన్నారు. ముందే మాస్కూ బట్టలూ కొని మిగతావి అద్దెకు తీసుకుని ఉంటే వందతో మొదలయ్యేది. మావారు ఇప్పటికీ ఒప్పుకోరు, మార్కర్ మిగిలింది కదా అంటారు.

నిన్న శనివారం మళ్ళీ వాన. నేను వల అవతల గొడుగుతో. మధ్యాహ్నం దాకా ఒక్కసారి కూడా వాడి చెయ్యి మాస్కు మీదికి వెళ్ళలేదు, నేను చూస్తూనే ఉన్నాను. విరామంలో బయటికొచ్చి, మాస్కు తీసి, జోడు తుడుచుకుని, "అమ్మా, ఇంకో జత మేజోళ్ళు ఇవ్వు, ఇవి తడిసిపోయాయి. అలెక్స్‌కి కూడా ఇస్తావా, వాడు నూలువి వేసుకొచ్చాడు" అన్నాడు. ఈ వారం నుంచి సంచిలో మూడు జతలు పెడుతున్నాను.