సంపాదకుని మాట: ముందు పొత్తు, తర్వాతే అందం

జహీరాబాద్ చుట్టుపక్కల మహిళా రైతులు ఒకే చెలకలో జొన్న, కంది, కొర్ర, అనుములు కలిపి విత్తుతారు. దేని పక్కన ఏది బాగుంటుందో వాళ్లకు తెలుసు. ఆ సాగును నిలబెట్టిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలకు 2019లో ఈక్వేటర్ బహుమతి దక్కింది. ఈ సంచిక ముఖచిత్ర కథనం ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం. అక్కడా సూత్రం అదే: దేని పక్కన ఏది ఇముడుతుందో తెలియాలి.

క్లౌన్‌ఫిష్ జంట చిన్న తొట్టిలోనూ ఇమిడిపోతుంది. పైగా వీటిని హేచరీలో పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థే రూపొందించింది. డామ్‌సెల్ చిన్నదే కానీ జగడాలమారి. వేయాలనుకుంటే అన్నిటికంటే చివర వేయండి. లయన్‌ఫిష్ నోట్లో పట్టే చేపనల్లా మింగేస్తుంది. సీతాకోక చేపల్లో చాలా రకాలు పగడాలను కొరుక్కు తింటాయి. పగడాలూ సాధువులేం కావు. కొన్ని రాత్రిపూట పొడవాటి టెంటకిల్స్ చాచి పక్కవాటిని కుడతాయి.

సముద్రానికి దూరంగా ఉన్న మనం ఆర్‌ఓ నీళ్లలో అక్వేరియం కోసం తయారుచేసిన సముద్రపు ఉప్పు మిశ్రమం కలుపుకోవాలి. మే ఎండల్లోనూ నీటిని 26 డిగ్రీల దగ్గర నిలపాలి. ఆ కరెంటు ఖర్చు ముందే లెక్కేసుకోండి.

అన్నిటికంటే ముఖ్యం చట్టం. దిబ్బలు కట్టే రాతి పగడాలు, సముద్రపు గుర్రాలు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూల్‌లో చేరాయి. సముద్రంలోంచి తీసిన పగడాన్ని అమ్మినా, కొన్నా నేరమే. ఎవరైనా చూపిస్తే కొనకండి. హేచరీ చేపలతో, కృత్రిమ రాళ్లతో మొదలుపెట్టండి.