నెట్ పోయినా ఉత్తరం ఆగదు

ఇంటర్నెట్ లేకుండా ఈ-మెయిల్ వెళ్తుందా? వెళ్తుంది! లైసెన్సున్న హామ్ రేడియో ఔత్సాహికులు తమ సెట్‌కు ల్యాప్‌టాప్, మోడెమ్ తగిలిస్తే చాలు. ఉత్తరం రేడియో తరంగాల మీద వందల కిలోమీటర్లు దాటి, నెట్ పనిచేస్తున్న చోటి సర్వర్‌కు చేరుతుంది. అక్కణ్నుంచి మామూలు మెయిలే. హామ్‌లు స్వచ్ఛందంగా నడిపే ఈ ఏర్పాటు పేరు విన్‌లింక్.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు విశాఖలో సెల్‌ఫోన్లు మూగబోయాయి. ఇది అలాంటి రోజు కోసమే.

చేవెళ్ల, మొయినాబాద్ వైపు యాంటెన్నా కట్టుకోవడానికి జాగాకు కొదవలేదు. సర్వర్ పెట్టడం కష్టం కాదు, వాడేవాళ్లను సంపాదించడమే కష్టం. ‘చేతిలో సెల్ ఉండగా ఇదెందుకు?’ అంటారు. కానీ తుపాను రోజున నేర్చుకుందామంటే, ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే!

అందుకే హామ్‌లు వారానికోసారైనా ఓ మెయిల్ పంపుకోవాలి... వాన ఎంత పడింది, చెరువు ఎంత నిండింది అని. వ్యాపారం మాటలు మాత్రం కుదరవు. 12 ఏళ్లు నిండిన పిల్లలూ కేంద్ర ప్రభుత్వ పరీక్ష రాసి లైసెన్సు పొందొచ్చు. బడికొకరు తయారైనా ఆ సర్వర్‌కు దిగుల్లేదు.

మొయినాబాద్‌కు దగ్గర్లోని గండిపేట, హిమాయత్‌సాగర్‌లు 1908 మూసీ వరద చూశాక, మళ్లీ అలా ముంచకూడదని కట్టినవే. ముందుచూపు ఈ నేలకు కొత్తేం కాదు.