లేజర్ లెవెలర్‌కు షెడ్డులోనే చేటు

సాగర్ ఎడమకాల్వ కింద మిర్యాలగూడ, కోదాడ వైపు మళ్ళు చదునుచేసే లేజర్ లెవెలర్లకు యాసంగి కోతలయ్యాక వేసవిలోనే ఎక్కువ పని. మిగతా కాలం షెడ్డులోనే. నన్నడిగితే యంత్రం పాడయ్యేదీ అక్కడే. ట్రాన్స్‌మిటర్ బ్యాటరీని నెలల తరబడి ఛార్జింగ్ పెట్టకుండా వదిలేస్తే మళ్ళీ లేవదు. వైర్లను ఎలుకలు కొరుకుతాయి.

పని రోజుల్లో రిసీవర్ మీద దుమ్ము పేరుకుంటే కిరణం సరిగా అందదు. దాన్ని కండువాతో రుద్దేవారున్నారు. గీతలు పడతాయి, మెత్తని శుభ్రమైన గుడ్డ వాడాలి. రోడ్డెక్కేముందు రిసీవర్‌ను విప్పి పెట్టెలో పెట్టాలి. హైడ్రాలిక్ నూనెలో మట్టి చేరితే వాల్వు పట్టేసి బ్లేడు తడబడుతుంది. అప్పుడు మడి చదును కాదు, మిట్ట తడవాలంటే పల్లం మునగాల్సిందే. కాల్వ నీళ్లు వంతులమీద వచ్చేచోట అది ఎంత నష్టమో రైతులకు తెలుసు.

ఇవన్నీ యజమానికి తెలిస్తే సరిపోదు. కంపెనీవాళ్లు వచ్చి చూపించేనాడు డ్రైవరును ముందు కూర్చోబెట్టండి.