మూత తీసి చూశాకే పారేయండి

పోయిన నెల ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ గురించి రాస్తే, వచ్చిన ఉత్తరాల్లో సగం కుక్కర్ గురించి కాదు. నాకు పాత వీడియో గేములు బాగుచేసే పిచ్చి ఉందని అందులో ఒక్క వాక్యం రాశాను. అంతే, "మా పిల్లలు కాలేజీలకి వెళ్ళిపోయారు, వాళ్ళ గేములన్నీ గరాజ్‌లో అట్టపెట్టెలో పడున్నాయి, పారేయమంటారా, ఎవరికైనా ఇచ్చేయమంటారా" అని వరసగా అడిగారు. సరే, ఈ నెల కుక్కర్లకి సెలవు.

పారేయొద్దు. ఇవ్వాలంటే తర్వాత ఇవ్వొచ్చు. ముందు ఆ పెట్టెని గరాజ్‌లోంచి ఇంట్లోకి తెచ్చుకోండి. మా డాలస్‌లో ఎండాకాలం గరాజ్ అంటే మాగాయ ముక్కలు ఒక్కరోజులో ఎండిపోయేంత వేడి. తెచ్చాక బ్యాటరీలు పెట్టే అర మూతలన్నీ తీసి చూడండి. పదేళ్ళ క్రితం పెట్టిన సెల్స్ అలాగే ఉంటాయి, వాటి చుట్టూ తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటుంది. ఆల్కలైన్ సెల్ లోపల ఉండేది పొటాషియం హైడ్రాక్సైడ్. అది బయటికి కారి స్ప్రింగుల్ని తినేస్తుంది. పేరులోనే క్షారం ఉంది కాబట్టి విరుగుడు ఆమ్లం, అంటే వంటింట్లోని తెల్ల వెనిగర్. చేతికి గ్లోవ్స్ వేసుకుని, చెవి పుల్లతో కొంచెం అద్దండి, సన్నగా బుసబుసమంటుంది. బుస తగ్గాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఒక రోజు ఆరనివ్వండి. చాలాసార్లు ఇంతకు మించి రిపేరే ఉండదు.

పాత మెషీన్లని చంపేవి ముఖ్యంగా రెండు. ఒకటి బ్యాటరీ, రెండోది కెపాసిటర్. చిప్పులు గట్టివి, నలభై ఏళ్ళైనా చాలావరకు బతికే ఉంటాయి. కెపాసిటర్ అంటే ఏమిటో చెప్పాలంటే మడత కాజా గుర్తు తెచ్చుకోండి. రెండు అల్యూమినియం రేకులు, మధ్యలో కాగితం, అన్నీ కలిపి చుట్టచుట్టి, పాకంలో ముంచినట్టు ఒక ద్రావణంలో తడిపి, చిన్న డబ్బాలో పెట్టి మూసేస్తారు. ఏళ్ళు గడిచేసరికి ఆ పాకం ఎండిపోతుంది, లేదా అడుగునుంచి కారి బోర్డు మీది రాగి గీతల్ని తినేస్తుంది. 1991లో అమెరికాకి వచ్చిన సెగా గేమ్ గేర్ ఇప్పుడు ఎవరి దగ్గరున్నా బొమ్మ మసకగానూ, శబ్దం పీలగానూ వస్తుందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. 2001లో వచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్‌లో గడియారం నడపడానికి ఒక పెద్ద కెపాసిటర్ ఉంటుంది, అది కూడా కారుతుంది. తొలి మోడల్స్‌లో దాన్ని పీకేసినా ఆట ఆడుకోవచ్చు, తేదీ, టైమ్ మాత్రం ప్రతిసారీ పెట్టుకోవాలి.

కారిన కెపాసిటర్‌కి సోల్డరింగ్ ఐరన్ తగిలిస్తే ఇల్లంతా చేపల వాసన వస్తుంది. నిజంగానే. ఆ ద్రావణం వేడికి విరిగి అమీన్లు వస్తాయి, చేప కంపు కొట్టేదీ అమీన్లే. మాది శాకాహార ఇల్లు. మొదటిసారి ఆ వాసన వచ్చినప్పుడు మా అత్తగారు అప్పుడే ఇండియా నుంచి దిగి ఉన్నారు. ఆ సంభాషణ ఇక్కడ రాయను.

ఇప్పుడు అసలు చెప్పదలుచుకున్నది. ఈ పెట్టెల్లో మెషీను ఒక్కటే ఉండదు.

గుడిలో పరిచయమైన ఒక ఆంటీగారు కిందటి ఏడాది ఒక గేమ్ బాయ్ క్యాసెట్ తెచ్చి నా చేతిలో పెట్టారు. వాళ్ళబ్బాయిది. 2000లో ఆవిడ నాన్నగారు గుంటూరు నుంచి వచ్చి ఆరు నెలలు ఉన్నారట. ఇంగ్లీషు రాదు, డ్రైవింగ్ రాదు, బయట మంచు. మనవడు స్కూల్ నుంచి వచ్చేదాకా ఏం చేస్తారు? ఆ పిల్లాడే ఈ ఆట నేర్పాడు. ఆటలో మన పేరు పెట్టుకోమంటుంది, ఏడు అక్షరాలకి మించి కుదరదు. ఇంగ్లీషులో తాతయ్య అని రాస్తే సరిగ్గా ఏడే. ఆయన వెళ్ళిపోయాక ఆ పిల్లాడు కొత్త ఆట మొదలుపెట్టలేదు, మొదలుపెట్టి సేవ్ చేస్తే పాతది పోతుంది కాబట్టి. పెద్దాయన ఇప్పుడు లేరు. పిల్లాడికి ముప్ఫై దాటాయి. "ఇంకా ఉందో లేదో చూడమ్మా, వాడికి చెప్పకుండా తెచ్చాను" అన్నారు ఆంటీగారు.

ఆ కాలపు క్యాసెట్లలో సేవ్ చేసిన ఆట 32 కిలోబైట్ల చిన్న మెమరీలో ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపే దానికి జ్ఞాపకం. ఆ కరెంటు ఇచ్చేది లోపల టంకం పెట్టిన నాణెం లాంటి లిథియం బ్యాటరీ. 3 వోల్టులు ఉండాలి. మూత తీసి మల్టీమీటర్ పెడితే 2.4 చూపించింది. ఇంకా ప్రాణం ఉంది, ఎన్నాళ్ళో చెప్పలేం. కొత్త బ్యాటరీ వేయాలంటే పాతది పీకాలి, పీకిన క్షణం తాతయ్య పోతారు. చాలామంది పిల్లలు ఇంటర్నెట్‌లో వీడియో చూసి బ్యాటరీ మార్చేసి, తెరిచాక ఖాళీ మెనూ చూసి ఏడ్చేది ఇక్కడే.

అందుకని ముందు కాపీ తీయాలి. క్యాసెట్‌ని కంప్యూటర్‌కి కలిపే చిన్న రీడర్లు దొరుకుతాయి. నేను రెండుసార్లు కాపీ తీసి రెండు ఫైళ్ళనీ పోల్చి చూశాను. కలవలేదు. ఒక్కసారే తీసి ఉంటే ఆ తేడా తెలిసేదే కాదు. క్యాసెట్ అంచున ఉండే బంగారు పూత పలకల మీద పాతికేళ్ళ చెమటా దుమ్మూ ఉన్నాయి. ఆల్కహాల్‌లో ముంచిన చెవి పుల్లలు నల్లగా వచ్చాయి. పుల్ల తెల్లగా వచ్చేదాకా తుడిచి మళ్ళీ తీశాను. ఈసారి మూడు కాపీలూ అక్షరం తేడా లేకుండా ఒకటే. అప్పుడు బ్యాటరీ పీకి, కాళ్ళు అతికించిన కొత్తది టంకం పెట్టి, ఫైలుని తిరిగి క్యాసెట్‌లోకి పంపాను. మామూలు నాణెం బ్యాటరీకి నేరుగా టంకం పెట్టకండి, వేడికి పేలుతుంది. కాళ్ళతో వచ్చేవి విడిగా అమ్ముతారు.

గేమ్ బాయ్‌లో పెట్టి ఆన్ చేశాను. పేరు ఉంది. ఆడిన సమయం 61 గంటలు. ఆంటీగారు నిలబడే చూశారు, కూర్చోమన్నా కూర్చోలేదు. "అరవయ్యొక్క గంటలు ఆడారా మా నాన్న!" అని ఒకటే నవ్వు. ఫైలు కాపీ ఒకటి ఆవిడకి మెయిల్ చేశాను, అబ్బాయికి ఎప్పుడివ్వాలో ఆవిడ ఇష్టం.

వెళ్ళబోతూ ఆంటీగారు డబ్బు ఇవ్వబోయారు. అందరూ ఇవ్వబోతారు. నేను తీసుకోను, అది మొహమాటం కాదండీ, వీసా. 2015 మే నుంచి కొంతమంది హెచ్4 వాళ్ళకి పనిచేసుకునే అనుమతి దొరుకుతోంది గానీ, మా ఆయన ఐ-140 ఇంకా కాలేదు కాబట్టి నేను ఆ కొంతమందిలో లేను. నాది బీఎస్సీ మ్యాథ్స్, ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్. ప్రాక్టికల్స్‌కి కావలసిన పార్టుల కోసం కోఠీ గుజరాతీ గల్లీలో మెట్లెక్కి దిగినదాన్ని. ఇక్కడికొచ్చాక ఎనిమిదేళ్ళు నా సర్టిఫికెట్లు పాస్‌పోర్టుల ఫైల్లోనే ఉన్నాయి. ఒక పార్టీలో ఎవరో మా ఆయనతో "మీ ఆవిడకి మంచి టైమ్‌పాస్ దొరికిందే" అన్నారు. టైమ్‌పాస్ అంటే పల్లీలు. ఓమ్స్ లా టైమ్‌పాస్ ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ తెలీదు. మీలో ఎంతమంది ఇదే పరిస్థితిలో ఉన్నారో నాకు తెలుసు, మీ ఉత్తరాలు చదువుతాను కదా. చదివిన చదువు చేతుల్లోంచి జారిపోకుండా ఉండాలంటే వారానికి రెండు సాయంత్రాలు సరిపోతున్నాయి నాకు. జెరీ ఎల్స్‌వర్త్ అని ఒకావిడ ఉన్నారు. హైస్కూల్ కూడా పూర్తి చేయలేదు, చిప్ డిజైన్ సొంతంగా నేర్చుకున్నారు. 1982 నాటి కమోడోర్ 64 కంప్యూటర్‌ని మొత్తం ఒక జాయ్‌స్టిక్ పిడిలోకి కుదించి, 30 ఆటలతో 2004లో బజారుకి తెచ్చిన డిజైన్ ఆవిడదే. నాకు ఆవిడంటే కొంచెం అసూయ.

డాలస్‌లో ఉండి మా ఊరి కంప్యూటర్ గురించి చెప్పకపోతే బాగుండదు. 1958లో జాక్ కిల్బీ మొదటి ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ చేసి చూపించింది ఇక్కడే, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో. అదే కంపెనీ 1981లో టీఐ-99/4ఏ అనే ఇంటి కంప్యూటర్ తెచ్చింది. మొదట ధర 525 డాలర్లు. కమోడోర్‌తో ధరల పోటీలో పడి రెండేళ్ళలో వంద కిందకి దిగి, 1983 అక్టోబర్‌లో ఆ వ్యాపారమే వదిలేసుకుంది. అప్పటికి సుమారు 28 లక్షలు అమ్ముడుపోయాయి. అందుకే మా చుట్టుపక్కల పెద్దవాళ్ళు చనిపోయాక జరిగే ఎస్టేట్ సేల్స్‌లో ఇప్పటికీ కనిపిస్తాయి. నేను కొన్నది పనిచేసేదే, టీవీకి కలిపే తీగ మాత్రం లేదు. ఆ తీగ చేసుకోవడమే నా మొదటి మాడిఫికేషన్. వెనక అయిదు పిన్నుల గుండ్రటి సాకెట్ ఉంటుంది, అందులోంచి బొమ్మకొకటి, శబ్దానికొకటి, భూమికొకటి తీసుకుని పసుపు, తెలుపు ప్లగ్గులకి కలపాలి. జాగ్రత్త ఏమిటంటే, ఒక పిన్నులో 12 వోల్టులు ఉంటాయి, దాన్ని టీవీ వైపు రానివ్వకూడదు. సర్క్యూట్ బొమ్మ చూసుకుని, మీటర్‌తో కొలుచుకుని కలిపాను. మా వాడికి తొమ్మిదేళ్ళు. ఆన్ చేయగానే తెర వచ్చేసింది, బేసిక్‌లో వాడి పేరు వందసార్లు రాయించాడు. తర్వాత "అమ్మా, దీనికి అప్‌డేట్స్ రావా?" అన్నాడు.

ఇలాంటివి ముట్టుకుని ఆడించాలనుంటే ఫ్రిస్కోలో నేషనల్ వీడియోగేమ్ మ్యూజియం ఉంది, 2016లో తెరిచారు. 1980లనాటి పడగ్గది, హాలు ఉన్నవి ఉన్నట్టు పేర్చి పెట్టారు. వేసవి సెలవుల్లో ఇండియా నుంచి వచ్చిన చుట్టాల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలీనప్పుడు పనికొస్తుంది. పాతవి సరైన స్క్రూడ్రైవర్‌తో ఊడతాయి, కొత్తవాటికి ఆ ఉద్దేశమే లేదు. కాలిఫోర్నియా, మిన్నెసోటా రాష్ట్రాలు వస్తువుల్ని మనమే బాగుచేసుకునే హక్కు మీద 2023లో చట్టాలు చేశాయి, రెండిట్లోనూ వీడియో గేమ్ కన్సోల్స్‌ని మినహాయించాయి. ఎవరు అడిగి మినహాయింపు తెచ్చుకుని ఉంటారో ఊహించడం కష్టం కాదు.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి కొన్ని గట్టి మాటలు. సోల్డర్‌లో సీసం ఉంటుంది, కాబట్టి డైనింగ్ టేబుల్ మీద వద్దు, విడిగా ఒక పాత బల్ల పెట్టుకోండి, కిటికీ తీయండి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగే పిల్లల్ని ముట్టుకోండి. కడుపుతో ఉన్నవాళ్ళు ఈ పని వాయిదా వేసుకోండి. పిక్చర్ ట్యూబ్ ఉన్న పాత టీవీ మూత ఎవరూ తీయకండి, ప్లగ్ పీకినా లోపల వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు. క్యాసెట్‌లోకి నోటితో ఊదకండి, మన చిన్నప్పుడు ఊదితే పనిచేసినట్టు అనిపించేది గానీ అసలు పనిచేసింది తీసి మళ్ళీ పెట్టడం. ఊదిన తేమ పలకల్ని పాడుచేస్తుంది.

పసుపెక్కిన ప్లాస్టిక్ గురించి ఇద్దరు అడిగారు. జుట్టుకి రంగేసే ముందు కలిపే 40 వాల్యూమ్ డెవలపర్ క్రీమ్ బ్యూటీ షాపుల్లో దొరుకుతుంది, అది హైడ్రోజన్ పెరాక్సైడే. లోపలి బోర్డు తీసేసి, పైడబ్బాకి మాత్రం పూసి, ఆరిపోకుండా వంటింటి ప్లాస్టిక్ రేపర్ చుట్టి ఎండలో పెట్టండి, గంటకోసారి తిప్పండి. ఆరితే చారలు పడతాయి. గ్లోవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. మళ్ళీ కొన్నేళ్ళకి పసుపెక్కినా ఎక్కొచ్చు.

ఇక న్యూజెర్సీ నుంచి రాసిన ఆవిడకి. మీ అన్నయ్య అటక మీంచి దింపిన టీవీ గేమ్ ఇక్కడికి తెప్పించుకోవచ్చా అన్నారు. మన ఊళ్ళో కాంట్రా, మారియో ఆడిన ఆ మెషీన్లు జపాన్ ఫ్యామిలీ కంప్యూటర్‌కి నకళ్ళు, క్యాసెట్‌కి 60 పిన్నులు. అమెరికాలో 1985లో వచ్చిన నింటెండోకి 72. కాబట్టి ఆ క్యాసెట్లు ఇక్కడి మెషీన్‌లో పట్టవు, మధ్యలో అడాప్టర్ కావాలి. మెషీన్నే తెప్పిస్తే అక్కడి అడాప్టర్ 230 వోల్టులది, బొమ్మ పాల్ పద్ధతిలో వస్తుంది, ఇక్కడి టీవీలు చాలావాటిలో నలుపు తెలుపుగానో, దొర్లుతూనో కనిపిస్తుంది. అందుకని బరువు దండగ, మెషీన్ అక్కడే ఉంచి క్యాసెట్లు మాత్రం తెప్పించుకోండి. వాటిమీద 9999 ఆటలని రాసి ఉంటే నమ్మకండి, ఓ పది ఉంటాయి. పార్సిల్‌లో పెట్టే ముందు మీ అన్నయ్యని రిమోట్లలో బ్యాటరీలు తీసేయమనండి.