పట్టా ఉన్నవాడేనా రైతు?

‘పట్టాదారు’ అనే మాటలో భూమి లేదు, నాగలి లేదు. సంస్కృత ‘పట్టము’ నుంచి వచ్చిన పట్టాకు, కలిగి ఉన్నవాడనే అర్థమిచ్చే పారశీక ప్రత్యయం ‘దారు’ చేరింది. మాటను విప్పి చూస్తే మిగిలేది కాగితం కలవాడు. మన భూచరిత్ర సారమంతా ఈ వ్యుత్పత్తిలోనే ఉందని నా అభిప్రాయం.

1800లో కంపెనీ వశమైన దత్త మండలాల్లో థామస్ మన్రో నెలకొల్పిన రైత్వారీ విధానంలో పట్టా ప్రధానంగా శిస్తు పత్రం: ఎవరు ఎంత చెల్లించాలో చెప్పేది. నిజాం రాజ్యంలో సాలార్‌జంగ్ సంస్కరణలతో దివానీ ప్రాంతాలకూ ఇటువంటి పద్ధతే వచ్చింది. కాలక్రమంలో శిస్తు బాధ్యత యాజమాన్య హక్కుగా స్థిరపడింది. కరణాలు, పట్వారీలు రాసిన ఆ లెక్కల్లోకి ఎక్కినవారు ప్రధానంగా ఊరిలో పలుకుబడి గల కులాలవారు. అదే పొలంలో పాలేర్లుగా, జీతగాళ్లుగా తరతరాలు చెమటోడ్చిన మాల మాదిగల పేర్లు అందులోకి చేరడం అరుదు. కులం గీసిన గీతను కాగితం చట్టబద్ధం చేసింది.

పేదలకు తర్వాత భూమి పంచినప్పుడు కూడా వచ్చింది మామూలు పట్టా కాదు, డి-పట్టా. ఆ భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. బలవంతులు కాజేయకుండా కాపాడాలన్న ఉద్దేశం న్యాయమైనదే. కాని పట్టాకు ముందు నిలిచిన ఆ ఒక్క అక్షరం యజమానుల్లోనూ రెండు తరగతులను సృష్టించింది.

‘ఇదంతా గతం కదా’ అని తరగతిలో విద్యార్థులు నన్ను అడుగుతుంటారు. కాదు. 2018లో తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు కింద పంటకు ఎకరాకు 4,000 రూపాయలు ఇచ్చింది పట్టాదారుకే, కౌలుదారుకు కాదు. 2020 నాటి ధరణి అనుభవదారు గడినే తొలగించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద సాగుదారు కార్డు కావాలన్నా యజమాని సంతకం కావలసి వచ్చింది. కౌలుకు ఇచ్చినట్లు ఒప్పుకుంటే భూమి పోతుందని భయపడే యజమాని సంతకం పెడతాడా? ఆ సంతకం లేనివానికి బ్యాంకు రుణం, పంటల బీమా, నష్టపరిహారం అందని ద్రాక్షలే.

యాజమాన్యాన్ని నమోదు చేయవద్దని నేననడం లేదు. సాగును కూడా యజమాని దయతో నిమిత్తం లేకుండా, గ్రామసభ ఎదుట, ఏటా నమోదు చేయాలంటున్నాను. ‘దున్నేవానికే భూమి’ అని నినదించిన నేలపై దున్నేవాని పేరుకు రికార్డులో ఒక గడి అడగడం అత్యాశ కాదు. ఆ గడి లేనంతకాలం ‘రైతు సంక్షేమం’ అనే మాటకు అర్థం పట్టాదారు సంక్షేమమే.