నల్లపావుల విజయము

చదరంగమున నల్లపావులు పట్టినవానికి మొదటి యెత్తు లేదు. ఎదిరి చొరవను సహించి, కోట గట్టుకొని, అదను చూచి తిరుగబడుటయే వాని ధర్మము. 2013 జనవరి 15వ తేదీని నెదర్లాండ్సు సముద్రతీరమునందలి వైక్ ఆన్ జీ గ్రామమున విశ్వనాథన్ ఆనందు ఆర్మేనియా యోధుడగు లెవొన్ ఆరోనియనును 23 ఎత్తులలో జయించిన యాట యిందుకు మేటి యుదాహరణము. నాటికి ఆనందు ప్రపంచ విజేతయే. వయస్సు 43 ఏండ్లు. అయినను ఇతని కాలము గడచినదను మాట యప్పటికే వినవచ్చుచుండెను.

ఆనందు పన్నినది మెరాన్ వ్యూహము. 1924లో మెరానో పోటీయందు అకీబా రూబిన్‌స్టైను ప్రయోగించుటచే దానికా పేరు వచ్చినది. ఆరోనియను గుఱ్ఱముతో రాజు ముందటి బంటును గొట్టెను. ఆనందు ఆ గుఱ్ఱమును చంపక, తన గుఱ్ఱమును శత్రురాజు చెంతకు నడపెను. పదునారవ యెత్తున రెండవ గుఱ్ఱమును గూడ బంటు వాత బడునట్లు నడుమ నిలిపెను. ఆ బంటు దానిని గొట్టెనా, నల్లమంత్రి తన్ను తాను బలియిచ్చుకొనును. తెల్లయేనుగు ఆ బలిని గైకొనక తప్పదు. అంతట సొంత బలగము నడుమ కదలలేని రాజునకు గుఱ్ఱముచేత ఆటకట్టు! ఆరోనియను ఆ యురిలో బడలేదు. ఏనుగును గెలుచుకొనెను. ఆనందు వెంటనే పగ దీర్చుకొనక, ఒక్క బంటును మెల్లగా ముందునకు జరిపెను. మాకు మిక్కిలి నచ్చినది ఈ నెమ్మది యెత్తే. తుదకు నల్లశకటు తెల్లమంత్రి దారి కడ్డుగా వచ్చి నిలువగా ఆరోనియను ఓటమి నంగీకరించెను.

1907లో లోడ్జ్ నగరమున రాట్లెవీపై రూబిన్‌స్టైను నల్లపావులతో గెలిచిన యాటయందు వలెనే యిచ్చటను రెండు శకటులు దూరమునుండి రాజుపై గుఱి పెట్టినవి.

ఇవి యింట గూర్చుండి అల్లిన యెత్తులే కాని ప్రతిభ కాదని కొందఱు పెదవి విఱుతురు. 2012లో గెల్‌ఫాండుతో జరిగిన పోటీకై చేసిన కృషి యిందు గొంత యున్నమాట నిజము. అయిన నేమి? సభకు రాకపూర్వము పదియేండ్లు ఛందస్సు వల్లించెనని అవధాని పద్యమును ఎంగిలి యందుమా? చతురంగమునకు పుట్టినిల్లు మనదేశమే యని చెప్పుకొనుట మనకు పరిపాటి. ఆ పుట్టుక గర్వముకంటె ఈ 23 ఎత్తులే మాకు ప్రియములు.

ఆ యేడు నవంబరులో చెన్నపట్టణమున కార్ల్‌సను చేతిలో ఆనందు బిరుదు గోల్పోయెను. 2014లో అభ్యర్థుల పోటీ గెలిచి మరల నాతనితో తలపడెను. ఓటమిని పెద్దయక్షరములతో ప్రకటించు పత్రికలు ఇట్టి యాటలను ఎత్తువారీగా అచ్చువేసిన బాగుండును. పాఠకులు పదునారవ యెత్తు కడ నాగి, తెల్లపక్షమున తామైనచో నేమి చేసియుందురో యోచింతురు గాక.