గురి పుట్టుకతో రాదు

గురి అనగానే మనకు అర్జునుడూ, చెట్టుమీది పక్షి కన్నూ గుర్తొస్తాయి. ఆ కథ చెప్పి "నీకా చూపు లేదోయ్" అని ఎంతోమందిని వెనక్కి పంపేస్తుంటారు. కాని అదే భారతంలో ఇంకో ముచ్చట ఉంది. భోంచేస్తుండగా దీపం ఆరిపోయినా ముద్ద నోటికే చేరుతోందని గమనించి, అర్జునుడు చీకట్లో విలువిద్య సాధన మొదలుపెట్టాడు. మనవాళ్లు పక్షి కన్ను గుర్తుంచుకున్నారు, చీకటి సాధన మరిచిపోయారు. నా ఫిర్యాదల్లా అదే.

ఎన్.సి.సి. క్యాంపులో మొదటిసారి .22 రైఫిల్ పట్టినప్పుడు నా ఐదు గుండ్లలో నాలుగే నా టార్గెట్ మీద కనిపించాయి. పక్కవాడి కాగితం మీద ఆరు! ఆ ఆరోది ఎవరిదో చెప్పనక్కరలేదు. నవ్వులపాలయ్యాను. ఆ రోషంతోనే ఎయిర్ పిస్టల్ నేర్చుకోవడానికి వెళ్లాను.

దూరం 10 మీటర్లు. గుండు 4.5 మిల్లీమీటర్లు. పది పాయింట్ల వలయం అడ్డంగా 11.5 మిల్లీమీటర్లే. మా కోచ్ నెల్లాళ్లు గుండు ముట్టుకోనివ్వలేదు. ఖాళీ పిస్టల్ పట్టుకుని తెల్లగోడకేసి ట్రిగ్గర్ నొక్కడమే! ఇదేం శిక్షరా బాబూ అనుకున్నాను. తర్వాత తెలిసింది, తప్పు కంటిది కాదు, వేలిదని. వేలి వెనకున్న తొందరదని. పైగా పిస్టల్‌లో చూపు ఫ్రంట్ సైట్ మీదే నిలవాలి, టార్గెట్ మసకగా కనబడాలి. ఫలితం మీద కాక, చేతిలో ఉన్న పనిమీద దృష్టి పెట్టమని ఇంతకన్నా తేటగా చెప్పే పాఠం నేను తరగతిలో వినలేదు.

ఒకరోజు లెక్కల పుస్తకంలో ఎనిమిదిని తొమ్మిదిగా రాసుకున్నాను. ఎవరూ చూడలేదు. కాని మర్నాడు ఏ తప్పు దిద్దుకోవాలో నాకే తెలియకుండా పోయింది. ఆ తర్వాత అలా రాయలేదు.

"సరదాకి ఇంత శ్రమ ఎందుకయ్యా?" అంటారు మిత్రులు. శ్రమ లేని సరదా నాలుగు రోజుల్లో విసుగెత్తుతుంది. సినిమాల్లో తుపాకీ పౌరుషానికి గుర్తు. రేంజిలో మాత్రం అది అణకువ నేర్పుతుంది. ప్రతి ఆయుధమూ నిండి ఉందనే అనుకోవాలి, గొట్టం టార్గెట్ వైపే ఉండాలి, పేల్చే దాకా వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉండాలి. ఇవి తప్పినవాడు ఎంత గురిగాడైనా బయటికే.

హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఎయిర్ పిస్టల్ రజతం గెలిచింది. మనమంతా వాళ్లం కానక్కరలేదు. వారానికి మూడు గంటలు నిలకడగా నిలబడగలిగితే చాలు.

అందుకే యూనియన్ మిత్రులకు నా మనవి. ఒక పొడుగాటి గది, గుండ్లు ఆపే గట్టి ఏర్పాటు, తాళం వేసే బీరువా, అర్హతగల కోచ్. ఇవి సమకూర్చండి. కప్పులు ఎప్పుడొస్తాయో నేను చెప్పలేను. తన తప్పు తనే నిజాయితీగా రాసుకునే విద్యార్థులు మాత్రం మొదటి ఏడాదే తయారవుతారు.